సున్నం కొట్టిన ఫోను

బెంగళూరు,
11 జనవరి 2026.

ఎంత అరిచినా ఫోనుకు దొరకని అత్తకు,

నిన్న నీకు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తి, "ఎవురప్పా? గట్టిగా చెప్పు, ఎవురూ?" అన్నావు. నేను "అత్తా, సుజాతను" అని వీధి వీధంతా వినపడేలా అరుస్తుంటే, "ఎవురో తెల్దు, పెట్టేస్తాండా" అని పెట్టేశావు. కింది వాటాలో వాళ్ళు తలుపు తీసి పైకి చూశారు. విష్ణు పడీ పడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. దీపావళికి ముందు క్యాంపులో డాక్టరు చూసి, చెవి నరాలు బలహీనపడ్డాయి, ఇది ఎప్పటినుంచో ఉన్నదే అని చెప్పి ఒక మిషన్ ఇచ్చాడు కదా, అదేమైంది? కీచుమంటోందని డబ్బాలో పెట్టేశావని అంగడి ఆదెన్న చెప్పాడు. ఇక నీతో మాట్లాడాలంటే కాగితం, పెన్ను తప్ప దిక్కు లేదు.

అసలు సంగతి వినిపించుకో. మే నెల నడుమ కాన్పు అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. అమ్మ పోయి ఏడాది దాటింది. నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. నన్ను పెంచింది మీ వదినా మరదళ్ళిద్దరే, అందులో మిగిలింది నువ్వు. విష్ణు తరఫున వచ్చి చేసేవాళ్ళు ఎవరూ లేరని నీకు తెలుసు. ఏప్రిల్ చివర్లో వచ్చి, బిడ్డకు మెడ నిలిచేదాకా నా దగ్గరే ఉండు. మేకలను ఆదెన్న కొడుక్కి అప్పజెప్పు.

ఇంకొకటి. బీపీ మాత్ర వేసుకున్నావో లేదో మరిచిపోయి రెండోసారి వేసుకుంటున్నావట. నీ చేతిలో ఉన్నది అమ్మ ఫోనే కదా, అందులో పసుపుపచ్చ కాగితం బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కు. మూలన కూడిక గుర్తు ఉంటుంది. అది నొక్కితే తెల్ల కాగితం తెరుచుకుంటుంది. అందులో ఏదైనా రాసుకోవచ్చు. రాయడం కష్టమైతే కింద మైకు బొమ్మ నొక్కి మాట్లాడు, అదే రాసుకుంటుంది. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, అది మన వంటింటి తలుపు పక్కన గోడ అనుకో. మేక ఎప్పుడు చూలు కట్టింది, ఎవరికి శెనక్కాయ విత్తనం ఇచ్చింది, నా పరీక్ష ఎప్పుడు, అన్నీ మీరిద్దరూ బొగ్గుతో అక్కడ రాసేవాళ్ళు కదా. ఇదీ అంతే. ఇది జేబులో పెట్టుకుని తిరిగే గోడ.

వస్తానని ఒక్క మాట రాయి.

నీ మేనకోడలు,
సుజాత

*

మన ఊరు, యాడికి మండలం,
24 జనవరి 2026.

బెంగుళూరులో గొంతు చించుకుంటున్న మా అమ్మీకి,

చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అని ఊరికే అనలేదు పెద్దలు. ఇక ఊదవద్దు, రాయి. నీ జాబు మూడుసార్లు చదువుకున్నాను. మిషన్ పెట్టుకుంటే చెవిలో కీచురాయి దూరినట్లుంది. అది చెప్పేది వినేకన్నా చెవుడే మేలు.

నువ్వు చెప్పిన పచ్చబొమ్మ నొక్కినాను. కూడిక గుర్తు నొక్కితే తెల్లగా అయిపోయింది. ఫోను చెడగొట్టినానని భయపడి రెండు రోజులు దాన్ని ముట్టలేదు. తరువాత ఆదెన్న అంగడికి పోయి చూపిస్తే, "ఏం కాలేదుక్కా, అది నువ్వు రాసేదానికి కాసుకోనుండాది" అని సైగ చేసి చెప్పినాడు. కాగితం మనకోసం కాచుకుని ఉంటుందని అప్పుడు తెలిసింది. ఒక్కొక్క అక్షరం వెతికి 'ఈశ్వరి' అని కొట్టేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయినాయి.

మైకు మేలు. కానీ దానికి మన మాట సరిగా రాదు. "మేక ఈనింది" అంటే "మేక విన్నది" అని రాసింది. పోనీలే, ఈ ఇంట్లో మేకకైనా వినపడుతోంది అనుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్లు ఇప్పుడు ప్రతిదీ దానికి చెబుతున్నాను. మాత్ర వేసుకున్నది, నీళ్ళ ట్యాంకరు వచ్చింది, ఏ మేక కుంటుతున్నది. ఎవరూ లేనప్పుడు మనసులో మాట కూడా చెప్పుకుంటున్నాను. ఒక సంగతి చెప్పేదా? నా గొంతు నాకు ఇప్పుడు సరిగా వినపడదు. అందులో చెబితే అక్షరాలై కనబడుతుంది. నా మాట నేను చూస్తున్నాను. అందుకు నీకు పుణ్యం ఉంటుంది.

కాన్పు సంగతి చూద్దాం. మే నెలలో మేకలకు నీళ్ళు దొరకవు, ఆదెన్న కొడుకు సోమరి. నువ్వు నువ్వుల ఉండలు తినొద్దు, వేడి చేస్తుంది.

ఇట్లు, మేకల నడుమనుంచి,
మీ అత్త ఈశ్వరి

*

బెంగళూరు,
8 ఫిబ్రవరి 2026.

అత్తా,

నువ్వుల ఉండలు మానేశాను. ల్యాబులో రోజంతా నిలబడి జనాల చేతుల నుంచి రక్తం తీయడమే నా పని కాబట్టి కాళ్ళు వాస్తున్నాయి. సాయంత్రం విష్ణు వేడినీళ్ళలో ఉప్పు వేసి ఇస్తాడు. అతనికి రైలు పెట్టెల రిపేరు షెడ్డులో పని. వారానికో షిఫ్టు మారుతుంది. మేలో రాత్రి షిఫ్టు పడితే నేను ఒక్కదాన్నే.

మేకలు, నీళ్ళు, ఆదెన్న కొడుకు సోమరితనం, ఇవన్నీ సాకులని నాకు తెలుసు. బిడ్డ ఏడిస్తే నీకు వినపడదని, వినపడకపోతే ఏదైనా జరుగుతుందని నువ్వు భయపడుతున్నావు. "ఈ చెవులతో పోయి ఆ పిల్లకు బరువు కావాలా" అనుకుంటున్నావు. అలా అనుకోవద్దు. పక్కన నేనుంటాను, లేపుతాను. నువ్వు ఇంట్లో ఉంటే చాలు నాకు.

బిడ్డ బాగా తంతోంది. నీ పోలికే అని విష్ణు అంటున్నాడు.

సుజాత

*

మన ఊరు,
20 ఫిబ్రవరి 2026.

సుజాతా,

నీ జాబులో ఒక మాట దగ్గర ఆగిపోయినాను. ఆ మాట నేను ఏ నరమానవునితోనూ అనలేదు. "ఈ చెవులతో పోయి ఆ పిల్లకు బరువు కావాలా" అన్నది అక్షరం పొల్లుపోకుండా నా నోట్లోనుంచి వచ్చిందే. ఎవరు మోసినారు నీకు?

ఇంకెవరు, ఆదెన్నే అనుకున్నాను. ఫోను చూపించేదానికి అతని అంగడికే పోతాను కదా. అందులోది చదివి నీకు చెప్పినాడని, నలుగురిలో నిలబెట్టి అడిగినాను. "నా కడుపులో మాట బెంగుళూరికి మోసేదానికి నీకేం దుడ్లిస్తాండారు?" అన్నాను. ఆయన ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. పెదాలు కదలడమే చూసినాను. తరువాత పక్కింటి తులసమ్మ చేతి మీద రాసి చూపించింది, "తల్లి తోడు, నేను ఏం చూడలేదక్కా" అన్నాడంట. నమ్మలేదు. ఆ రోజునుంచి ఉప్పు కూడా వేరే అంగడిలో తెచ్చుకుంటున్నాను.

నీకు ఎవరు చెప్పినారో రాయి. ఎవరూ చెప్పకుంటే నీకు ఎట్ల తెలుస్తుంది? చెవులు పోయినంక మనిషికి మిగిలేది మనసొకటే. అది కూడా నలుగురి నోట్లో పడితే ఎట్ల బతికేది.

ఈశ్వరి

*

బెంగళూరు,
4 మార్చి 2026.

అత్తా,

ఆదెన్న తప్పేమీ లేదు. తప్పు నాది. ఆ పచ్చబొమ్మలో నువ్వు ఏది రాసినా నా ఫోనులో కూడా కనబడుతుంది. ఆ ఫోను అమ్మదే అయినా, దాన్ని మొదట తెరిచింది నా పేరుతో. నీకు ఇచ్చేముందు విడదీయాల్సింది, మరిచిపోయాను. నువ్వు రాసుకోవడం మొదలుపెట్టిన రోజే గమనించాను. ముందు నవ్వుకున్నాను. తరువాత నీ మనసులో మాటలు కనబడ్డాయి. చదవకూడదని తెలుసు. తెలిసే చదివాను. పొద్దున బస్సులో కూర్చోగానే వేలు దాని మీదికే పోయేది. నువ్వు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్లుండేది.

సిగ్గుగా ఉంది అత్తా. ఒకరు రాసుకున్నది వాళ్ళకు తెలియకుండా ఇంకొకరు చదవడం దొంగతనమే. అమ్మ మీద ఒట్టు, ఇక దాన్ని తెరవను. నా ఫోనులో ఆ బొమ్మనే కనబడకుండా చేశాను. నువ్వు నిర్భయంగా రాసుకో. నీవి పైన ఉంటాయి. కింద ఉన్నవన్నీ పాతవి, ఎందుకూ పనికిరానివి. వాటి జోలికి పోవద్దు.

ఆదెన్నకు నా తరఫున తప్పయిందని చెప్పు. నన్ను తిట్టు, కానీ కాన్పుకు రానని మాత్రం అనొద్దు.

సుజాత

*

మన ఊరు,
21 మార్చి 2026.

సుజాతమ్మీకి ఉగాది దీవెనలు,

నిన్ను తిట్టినాను. తిట్టి, ఏడ్చి, మళ్ళీ నవ్వుకున్నాను. చిన్నప్పుడు నేను పేలు చూస్తుంటే నా ఒళ్ళో పడుకుని ఊళ్ళో కబుర్లన్నీ విన్నదానివే కదా, నీకు ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఆదెన్న అంగడికి పోయి, రాగిముద్ద, కోడిపులుసు పెట్టి తప్పయిందని చెప్పినాను. "పులుసు పెడ్తావంటే దినామూ తిట్టుక్కా" అని పలక మీద రాసినాడు. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. నలుగురిలో తిట్టి, ఒంటరిగా తప్పయిందని చెబితే ఏం సమానం?

పోయిన ఉగాదికి వదిన మైల. ఇంటికి సున్నం కొట్టలేదు, పండగ చెయ్యలేదు. ఈ ఏడు రెండేళ్ళ మసి, రెండేళ్ళ రాతలు. మా అమ్మ కాలంనుంచి మన ఇంటి పద్ధతి నీకు తెలుసు కదా. పని అయిపోయిన రాత పండగ దాటకూడదు, దాటితే పాత బరువు కొత్త ఏటికి వస్తుంది. గోడంతా ఒకసారి చూసి, కావలసింది మనసులో పెట్టుకుని, మిగతాదంతా సున్నంతో కప్పేసినాను. మూలన జానెడు చోటు మాత్రం వదిలినాను. ఎందుకో నువ్వు వచ్చినప్పుడు చూద్దువు.

గోడ అయినంక ఫోను గుర్తుకొచ్చింది. అది కూడా గోడే అని నువ్వే రాసినావు. అందులో నా పిచ్చి మాటలు నీకు కనబడ్డాయని తలచుకుంటే ఎట్లాగూ సిగ్గు చచ్చిపోతోంది. ఒక్కొక్కటి వేలితో అదిమి పట్టుకుంటే రంగు మారుతుంది, పైన చెత్తబుట్ట బొమ్మ వస్తుంది. నావి అయిపోయినంక కింద నువ్వు పనికిరానివి అన్నవి పెద్ద మందలాగా ఉన్నాయి. నీవేమో అని చదవలేదు. ఒకరి రాత ఇంకొకరు చదివితే దొంగతనమని నువ్వే అన్నావు కదా. అవి కూడా తోసేసినాను. నీ ఫోనులో నీవి నీకు ఉంటాయి కదా, ఎవరి గోడ వాళ్ళది. ఇప్పుడు తెరిస్తే సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా, కంటికి హాయిగా ఉంది.

ఇంకో సంగతి. మనసు కుదుటపడింది. నేను వస్తాను.

అత్త

*

బెంగళూరు,
31 మార్చి 2026.

అత్తా,

నీ ఉత్తరం నిన్న అందింది. చదువుతూ చదువుతూ మధ్యలో ఆపి ఫోను తీశాను. వేసుకున్న ఒట్టు పక్కన పెట్టి తెరిచాను. ఏమీ లేదు. చెత్తబుట్టలో చూశాను. అందులో పడినవి వారం మాత్రమే ఉంటాయి. నీ ఉత్తరం నాకు చేరేసరికి వారం దాటిపోయింది.

నా గోడ, నీ గోడ అని రెండు లేవు. ఉన్నది ఒకటే. కింద ఉన్నవి అమ్మవి. తుంటి విరిగి మంచాన పడిన ఆ ఆరు నెలలూ, నేను నేర్పించిన మైకు పట్టుకుని అమ్మ చెప్పుకున్న మాటలవి. కిటికీలోనుంచి ఏం కనబడిందో, నాకు బిడ్డ పుడితే బాలింత కారం ఎలా దంచాలో, ఏ పేరు పెట్టాలో. చుక్కా, కామా ఏమీ లేకుండా ఒకే ఊపిరిలో. ఊపిరాడనప్పుడల్లా నేను అవే చదువుకునేదాన్ని. ఇప్పుడు అమ్మ మాట నాకు ఒక్కటి కూడా లేదు.

చదవలేదని రాశావు. నిజంగా చదవలేదా? నాకు నమ్మాలని ఉంది, నమ్మలేకపోతున్నాను. ఎందుకంటే అందులో నీ సంగతి కూడా ఉంది. "ఈశ్వరి పిలిస్తే పలకదు. గొంతు పోయేదాకా పిలిచినా. నీళ్ళు అందలేదు. ఇంగా బతికుండానని ఇసుగేమో." ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పుకుంది. నాకు ఫోనులో మాత్రం "అంతా బాగుండాది" అనేది. పోయిన తరువాత ఇవి చదివాను. నిన్ను ఏమీ అడగలేదు. అడిగితే నాకు ఉన్న ఒక్క మనిషీ పోతుందని. అది నీ కంట పడకూడదనే కింద ఉన్నవి పనికిరానివని అబద్ధం రాశాను. నీ కంట పడిందేమో, అందుకే అన్నీ తుడిచేశావేమో.

ఇక కాన్పుకు వస్తావో రావో నీ ఇష్టం.

సుజాత

*

మన ఊరు,
10 ఏప్రిల్ 2026.

సుజాతకు,

ఈ జాబు రాయడానికి కూర్చుని లేచి, కూర్చుని లేచి, ఇన్నాళ్ళు పట్టింది.

చదవలేదు. నా మాట నమ్ముతావో లేదో నీకే వదిలేస్తున్నాను. చదివి ఉంటే తుడిచేదాన్ని కాదు. ఆ మాటలకు నేను బాధ్యురాలిని, వాటిని తుడిచే హక్కు నాకు లేదు.

వదిన పిలిచింది. ఇప్పుడు తెలిసింది నాకు. డాక్టరు ఏమన్నాడో గుర్తుందా? ఈ చెవుడు ఇప్పటిది కాదు, రెండు మూడేళ్ళదన్నాడు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. ఊళ్ళోవాళ్ళు మెల్లగా మాట్లాడుతున్నారనుకునేదాన్ని. టీవీ పాడైందనుకునేదాన్ని. వదిన లోపలి గదిలో, నేను దొడ్లో మేకల దగ్గర. మొదట్లో అయితే గంటకోసారి "ఈశ్వరీ" అని కేక వినపడేది. తరువాత తరువాత వినపడడం తగ్గింది. వదినకు నొప్పి తగ్గింది, నిద్ర పడుతోంది అనుకున్నాను. ఇల్లు నిమ్మళంగా ఉందనుకున్నాను. ఆ నిమ్మళం చూసి సంతోషపడినాను అమ్మీ. దేవునికి దండం కూడా పెట్టుకున్నాను.

లోపలికి పోతే నా మొహం చూసి గోడవైపు తిరిగేది. నొప్పి అనుకున్నాను. ఒక రోజు చెంబు కింద పడి, నీళ్ళు ఒలికిపోయి ఉన్నాయి. "ఎందుకు వదినా, పిలిస్తే రానా?" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పుడు అర్థమవుతోంది. ఆమె దృష్టిలో అది ఎగతాళి.

ముప్పై ఏళ్ళు ఒక పొయ్యి దగ్గర వండుకున్నాం. మొగుడు వదిలేసినాడని వస్తే నన్ను ఈ ఇంట్లోకి చెయ్యి పట్టుకుని తెచ్చింది ఆమె. ఆమె నన్ను రాతిగుండెదాన్ని అనుకునే పోయింది. ఇప్పుడు పోయి చెప్పుకుందామంటే ఆమె లేదు. ఆమె మాటలు ఉన్న చోటు కూడా నేనే కడిగేసినాను.

నీ దగ్గరికి రాను. తల్లి పిలుపు వినని చెవులు బిడ్డ ఏడుపు వింటాయా? ఎవరైనా చెవులున్న మనిషిని జీతానికి పెట్టుకో.

ఈశ్వరి

*

బెంగళూరు,
18 ఏప్రిల్ 2026.

అత్తా, నా అత్తా,

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని అమ్మ ఎన్నిసార్లు అనేదో. నాకు జారింది నోరు కాదు, చేయి. కోపంలో రాసి, అదే కోపంలో పోస్టు డబ్బాలో వేశాను. ఇంటికి వచ్చేసరికే తప్పు చేశానని తెలిసింది. కానీ డబ్బాలోనుంచి వెనక్కు తీసుకోలేను కదా.

నువ్వు రాసింది విష్ణుకు చదివి వినిపించాను. అతను ఒక్క మాటే అన్నాడు. "మీ అత్తకు చెవుడని దీపావళికే తెలుసు కదా. అప్పుడు నీకు ఇది తట్టలేదా?" తట్టలేదు అత్తా. డాక్టరు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. రెండు మూడేళ్ళదన్నది నా చెవులతో విన్నాను. చెవులు బాగున్నదాన్ని నేను, వినలేదు. నీ మీద కోపం ఏడాదిగా పెట్టుకుని తిరిగాను. దాన్ని వదిలేయడానికి దారి కనబడినా చూడలేదు. ఇంకా చెడ్డ సంగతి చెప్పేదా? నిన్ను కాన్పుకు రమ్మన్నది ప్రేమతోనే, కానీ లోపల మూలన ఎక్కడో, అమ్మకు చేయనిది నాకైనా చేస్తుందా చూద్దామని ఉండేది. అది కూడా నిజం.

అమ్మ పిలిచినప్పుడు నువ్వు దొడ్లో ఉన్నావు. నేను బెంగళూరులో ఉన్నాను. నాకు ఫోను చేసినప్పుడు ఆమె గొంతులో ఏదో ఉందని తెలిసి కూడా, "సెలవు దొరకదు అమ్మా" అని పెట్టేసినదాన్ని నేను. నీకు వినపడలేదు. నాకు వినపడింది. ఎవరి తప్పు పెద్దది?

జీతానికి మనిషి వద్దు. నాకు నువ్వు కావాలి. నేను మాట్లాడితే ఆ పచ్చబొమ్మ మైకు రాసి చూపిస్తుంది, నువ్వు చదువుకో. దాన్ని నీకు నేర్పించింది మాత్రలు గుర్తుపెట్టుకోవడానికి. అది నీ చెవి అవుతుందని నాకు తోచనే లేదు.

గోడ మీద వదిలిన జానెడు చోటులో ఏముంది?

సుజాత

*

మన ఊరు,
27 ఏప్రిల్ 2026.

సుజాతమ్మీ,

ఎవరి తప్పు పెద్దదని కొలిచేదానికి ఇది కందిపప్పు కాదు. నాది నాకు ఉంది, నీది నీకు ఉంది. ఒకరిది ఒకరు దించుకోలేం. పక్కపక్కన కూర్చుని మోసుకుందాం.

జానెడు చోటులో ఉన్నది వదిన చేతి రాత. "నల్లది ఈనింది, రెండూ పెంటి పిల్లలే" అని బొగ్గుతో. కింద పడి తుంటి విరగడానికి ముందు వారం రాసింది. పని అయిపోయిన రాతే, కప్పేయాల్సిందే. సున్నపు కుంచె దానిదాకా పోయింది, చేయి రాలేదు. గోడ మీద ఉన్నదాన్ని కాపాడి, ఫోనులో ఉన్నదాన్ని పారేసినాను. అది వదినదని తెలిసి ఉంటే అక్కడా చేయి వచ్చేది కాదు. ఆదెన్నతో ఫోటో తీయించి ఆ పచ్చబొమ్మలో పెట్టించినాను. తెరిచి చూసుకో. ఈసారి ఒట్టు లేదు, ధారాళంగా చూడు.

బాలింత కారం సంగతి బెంగపడవద్దు. నువ్వు పుట్టినప్పుడు వదినకు దంచి పెట్టింది నేనే. శొంఠి, మిరియాలు, వెల్లుల్లి, ఎంతెంతో నా చేతికి తెలుసు.

ఆదెన్న ఫోనుకు మాట్లాడి చూపించినాడు. "అక్కా, పోయిరా, మేకలు నేను చూసుకుంటా" అని రాసి వచ్చింది. పోయి రావడమైతే దానికి సరిగా వినపడింది. కానీ నిద్రపోయేటప్పుడు ఫోను చదవలేను కదా. దానికి వేరే ఆలోచన చేసినాను. మేము మందను బీళ్ళలో ఆపినప్పుడు ఏం చేస్తామో చూసినావు కదా. మందలో పెద్ద మేక మెడకు తాడు కట్టి, ఆ కొస మన మణికట్టుకు కట్టుకుని పడుకుంటాం. నక్క వచ్చినా, మేక బెదిరినా తాడు గుంజుతుంది, లేస్తాం. మేకల కాపరికి చెవుల కన్నా చెయ్యే ముందు వింటుంది. ఇది వదిన మంచం దగ్గర నాకెందుకు తోచలేదని రోజూ అనుకుంటున్నాను. చెవిటిదాన్నని తెలియదు కాబట్టి తోచలేదు. ఆ సమాధానం నాకు చాలడం లేదు.

మెత్తని తాడు ఒకటి పేనినాను. ఒక కొస నీ చేతికి, నడుమ ఉయ్యాలకు, ఇంకో కొస నా చేతికి. ఈ శనివారం కాదు, పై శనివారం పొద్దున బస్సు ఎక్కుతాను. విష్ణును బస్టాండుకు పంపు. ఆయన పిలిస్తే నాకు వినపడదు, ఎదురుగా నిలబడమని చెప్పు.

నువ్వు కూడా నన్ను పిలవద్దు అమ్మీ. లాగు.

నీ అత్త

*

బెంగళూరు, ఫోనులో రాసింది,
19 మే 2026.

వదినా,

నీ మాటలు ఉండిన చోటనే ఇది చెబుతున్నాను. సుజాతకు కూడా కనబడుతుందని తెలుసు. కనబడనీ.

నీకు మనవరాలు పుట్టింది. ముక్కు నీదే. ఏ పేరు పెట్టాలో నువ్వు చెప్పిన మాట నేను తుడిచేసినాను. ఏ పేరన్నావో సుజాతకు రెండు మూడు గుర్తుకొస్తున్నాయి, అందులో ఏదని తేలలేదు. అందుకే నీ పేరే పెట్టినారు.

బిడ్డ ఏడ్చిందంట. నాకు వినపడలేదు. తాడు గుంజింది, లేచినాను. బిడ్డను ఎత్తి సుజాత పక్కలో వేసి, నీళ్ళు అందించినాను. చెంబు ఆమె నోటికి నేనే పట్టినాను. నీకు అందని నీళ్ళు ఇవే అనిపించి ఏడ్చినాను. సుజాత చూసి తానూ ఏడ్చింది.

నువ్వు నన్ను మన్నించినావని చెప్పుకోను. నువ్వు చెప్పలేదు కదా. ఒకటి మాత్రం నేర్చుకున్నాను వదినా. ఇల్లు నిమ్మళంగా ఉంటే ఇప్పుడు దండం పెట్టుకోను. లేచి పోయి చూస్తాను.